ఏనుగు ఎందుకు నడుస్తూనే ఉంటుంది?

పిల్లలూ, మన మొగుడంపల్లి చుట్టూ ఎర్రమట్టి చెలకలు. కంది, జొన్న, చెరుకు పండిస్తాం. అప్పుడప్పుడు నెమళ్లు కనిపిస్తాయి, రాత్రిళ్లు అడవి పందులు పంట తొక్కి పోతాయి. ఏనుగు మాత్రం మన దిక్కున లేదు. మందలు మందలుగా అడవి ఏనుగులను చూడాలంటే కర్ణాటక దక్షిణపు కొసదాకా పోవాలి. "ఒక్క జంతువును చూసెటందుకు అంత దూరమా తాతా?" అన్నాడు మా మనుమడు. వాడి చెల్లెలు ఇంకో ప్రశ్న వేసింది: "అంత పెద్ద ఏనుగు ఒక్కకాడ నిలబడి తినొచ్చు గద, పొద్దంత ఎందుకు నడుస్తది?"

చిన్నదాని ప్రశ్నకు జవాబు దొరికితే పెద్దోడి ప్రశ్నకు కూడా దొరికినట్టే. ఏనుగును నడిపించేది దాని కడుపు. ఆ కడుపు సంగతి కొంచెం తెలుసుకుని పోతే, అడవిలో జీపులో కూర్చున్నప్పుడు ఏనుగు తొండం ఊపినా, చెవి విసిరినా, పేడ వేసినా దాని వెనక కారణం మీకు కనిపిస్తుంది.

ఎక్కడికి పోవాలి, ఎప్పుడు పోవాలి

జహీరాబాదు నుంచి బెంగళూరు, బెంగళూరు నుంచి మైసూరు. మైసూరుకు నైరుతి దిక్కున నాగరహొళె జాతీయ ఉద్యానవనం ఉంది. 1955లో అభయారణ్యంగా మొదలై, 1988లో జాతీయ ఉద్యానవనం అయింది. విస్తీర్ణం 643 చదరపు కిలోమీటర్లు. దానికి దక్షిణాన కబిని జలాశయం, నీళ్లకు ఆవల బండీపూర్ అడవి, ఆ పక్కనే తమిళనాడు ముదుమలై, కేరళ వయనాడు. పటంలో మూడు రాష్ట్రాలు, నాలుగు పేర్లు. ఏనుగుకు మాత్రం అదంతా ఒకే అడవి. ఈ ప్రాంతం నీలగిరి జీవావరణ రిజర్వులో భాగం. 1986లో ప్రకటించిన ఆ రిజర్వు మన దేశంలో మొట్టమొదటిది. ఆసియా ఏనుగులు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా బతుకుతున్న అడవి ఇదే.

కబిని నది మీద ఆనకట్ట 1974లో పూర్తయింది. దాని వల్ల ఏనుగులకు అనుకోని మేలు ఒకటి జరిగింది. ఎండలు ముదిరేకొద్దీ జలాశయంలో నీళ్లు వెనక్కి తగ్గుతాయి. నీళ్లు తగ్గిన చోట తడి ఒండ్రు నేల బయటపడుతుంది. ఆ తడికి లేత గడ్డి మొలుస్తుంది. చుట్టూ అడవంతా ఎండిపోయి ఆకు రాలుస్తున్న రోజుల్లో అక్కడ మాత్రం పచ్చటి మేత, పక్కనే నీళ్లు. అందుకే మార్చి నుంచి మే దాకా చుట్టుపక్కల మందలన్నీ అక్కడికి దిగుతాయి. కొన్ని సాయంత్రాలు ఆ ఒడ్డున వందకు పైగా ఏనుగులు కనిపిస్తాయి. మనకు ఎండాకాలం సెలవులు, వాటికి గడ్డి కాలం. రెండూ ఒకేసారి రావడం మన అదృష్టం.

ఆ నీళ్ల కింద ఒక పాత కథ కూడా మునిగి ఉంది. కాకనకోటె అని అక్కడొక అడవి. మైసూరు రాజుల కాలం నుంచి అక్కడ ఖెడ్డాలు జరిగేవి. డప్పులు, మంటలతో వందలమంది మనుషులు ఏనుగుల మందను తరుముకుంటూ వచ్చి, నది దాటించి, దుంగలతో కట్టిన దొడ్డిలోకి తోలి పట్టేవాళ్లు. పట్టినవాటిని మచ్చిక చేసి దుంగలు లాగించడానికీ, ఊరేగింపులకూ వాడేవాళ్లు. కాకనకోటెలో చివరి ఖెడ్డా 1971లో జరిగింది. మరుసటి ఏడాదే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఏనుగులను దొడ్డిలోకి తోలిన చోటికే ఇవాళ అవి తమంత తాము నడిచివచ్చి మేస్తున్నాయి.

గడ్డి తినే తీరు చూడండి

పిల్లలూ, ఏనుగు కనిపించగానే ఫోన్ తీయకండి. కాసేపు ఒక్క ఏనుగునే ఎంచుకుని, అది గడ్డి తినే తీరు చూడండి.

గడ్డి పొట్టిగా ఉంటే ముందు కాలిగోళ్లతో కుదురు దగ్గర చిన్నగా తన్నుతుంది. వేళ్లు వదులవుతాయి. అప్పుడు తొండం కొసను కుచ్చు చుట్టూ తిప్పి లాగుతుంది. లాగిన వెంటనే నోట్లో పెట్టుకోదు. వేళ్లకు మట్టి ఉంటుంది కదా, ఆ కుచ్చును మోకాలికి టపటపా కొట్టి దులుపుతుంది. ఇంకా మట్టి ఉంటే మళ్లీ దులుపుతుంది. ఆ తర్వాతే నోట్లోకి. పక్కన పిల్ల ఏనుగు ఉంటే దాన్ని కూడా చూడండి. తొండం ఎటు తిప్పాలో దానికింకా తెలియదు. ఒక పరక పట్టుకుంటుంది, జారవిడుస్తుంది, మళ్లీ వెతుక్కుంటుంది. తొండం వాడటం ఏనుగుకు పుట్టుకతో రాదు, నెలల తరబడి నేర్చుకోవాలి.

తొండంలో ఒక్క ఎముక కూడా లేదు. అంతా కండరాలే. ముక్కూ, పై పెదవీ కలిసి అలా పొడుగ్గా సాగాయి. మన ఆసియా ఏనుగుకు తొండం కొసన పైవైపు వేలు లాంటి మొన ఒకటి ఉంటుంది, ఆఫ్రికా ఏనుగుకు రెండుంటాయి. ఆ మొనతో నేల మీది చిన్న కాయను కూడా ఏరుకుంటుంది, అదే తొండంతో చెట్టు కొమ్మను విరుస్తుంది. నీళ్లు తాగేటప్పుడు తొండంతో పీల్చి, నోట్లో పోసుకుంటుంది. తొండంతోనే తాగేస్తుందని చాలామంది అనుకుంటారు. అది ముక్కు, పిల్లలూ! ముక్కుతో నీళ్లు తాగితే మనకేమవుతుందో ఏనుగుకూ అదే అవుతుంది.

దులపడం ఎందుకంటారా? ఆ మాట చెప్పాలంటే పళ్ల దగ్గరికి రావాలి. ఏనుగు దవడకు ఒక్కో పక్క పైన ఒకటి, కింద ఒకటి పెద్ద నమిలే పన్ను పని చేస్తుంటుంది. అంటే మొత్తం నాలుగు. అవి అరిగిపోతుంటే వెనక నుంచి కొత్తది ముందుకు జరుగుతూ వస్తుంది. మనకు పాలపళ్లు పోయి కింద నుంచి కొత్తవి వచ్చినట్టు కాదు, వెనక నుంచి ముందుకు. అలా జీవితకాలంలో ఆరు జతలు. ఆరో జత కూడా అరిగిపోయాక ఇక కొత్తవి రావు. అరవై, డెబ్బై ఏళ్ల ముసలి ఏనుగు నమలలేక, మెత్తటి గడ్డి దొరికే నీటి గట్లు పట్టుకుని బతుకుతుంది, చివరికి తిండి అందక చిక్కి చనిపోతుంది. మట్టీ ఇసకా పళ్లను అరగదీస్తాయి. కుచ్చును మోకాలికి దులిపే ప్రతిసారీ ఏనుగు తన ఆయుష్షును కాస్త కాపాడుకుంటోందన్నమాట.

క్వింటాలున్నర మేత

ఎదిగిన ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత తింటుంది. మన మార్కెట్ యార్డు లెక్కలో క్వింటాలున్నర. నీళ్లు వంద లీటర్ల పైమాటే. రోజులో పదహారు గంటలు మేతలోనే గడుపుతుంది. భాగించి చూడండి, గంటకు తొమ్మిది కిలోల పైన.

"అంతా అరుగుతదా తాతా?" అని అడిగింది చిన్నది.

అరగదు. అక్కడే ఉంది కీలకం. మన బర్రెను చూడండి. గబగబా మేసి, చెట్టు నీడన పడుకుని నెమరేస్తుంది. దానికి మొదటి పొట్టలో కోట్లాది సూక్ష్మజీవులు ఉండి గడ్డి పీచును పులియబెట్టి కరిగిస్తాయి. నెమరేసి మళ్లీ నమలడంతో మేత ఇంకా మెత్తబడి, సారం చాలావరకు ఒంటబడుతుంది. ఏనుగు నెమరేయదు. దాని సూక్ష్మజీవులు ఉండేది జీర్ణాశయం దాటిన తర్వాత, పెద్దపేగులో. అక్కడికి చేరిన పీచు ఎక్కువసేపు నిలవదు, ఒకటి రెండు రోజుల్లో బయటికి వచ్చేస్తుంది. తిన్నదాంట్లో సగం కూడా ఒంటబట్టదు.

ఇది లోపం అనుకోకండి. నెమరేసే జంతువు కడుపులో మేత మెత్తగా నలిగితేనే ముందుకు కదులుతుంది. వెదురు బొంగు, చెట్టు బెరడు, ముదురు కొమ్మ పెడితే బర్రె ఏం చేసుకుంటుంది? ఏనుగుకు ఆ బాధ లేదు. మొరటు మేతను పెద్ద ఎత్తున తిని, దొరికిన సారం పీల్చుకుని, మిగతాది తొందరగా వదిలేస్తుంది. ఎండాకాలంలో అడవిలో మిగిలేది మొరటు మేతే కదా! ఎవరూ తినలేనిది తినగలగడం ఏనుగు బలం. దానికి అది చెల్లించే ధర ఎడతెగని మేత, ఎడతెగని నడక. ఒక్కచోటే నిలబడితే ఆ చోట మేత నాలుగు రోజుల్లో అయిపోతుంది.

ఇంకో వింత చెబుతాను. 150 కిలోలంటే మనకు గుండె ఝల్లుమంటుంది గానీ, నాలుగు టన్నుల ఒంటికి అది నూటికి నాలుగు వంతులు కూడా కాదు. చుంచెలుక తన బరువులో ఏడో వంతో, ఐదో వంతో రోజూ తింటుంది. బరువుకు బరువు చూస్తే ఏనుగు చాలా మితాహారి. మాక్స్ క్లైబర్ అనే శాస్త్రజ్ఞుడు 1932లో రకరకాల జంతువుల లెక్కలు పక్కపక్కన పెట్టి చూసి ఈ సూత్రం బయటపెట్టాడు: ఒళ్లు పెరిగినంతగా ఖర్చు పెరగదు. ఆ లెక్కన గ్రాముకు గ్రాము పోలిస్తే చుంచెలుక ఒళ్లు ఏనుగు ఒంటికంటే ఇరవై రెట్లు వేగంగా శక్తిని ఖర్చు చేస్తుంది.

పెద్ద ఒంటికి ఇంకో చిక్కు ఉంది, వేడి. పెళ్లింట్లో గ్లాసులో పోసిన చాయ్ మాటల్లోనే చల్లారిపోతుంది, గుండిగలో పప్పు మాత్రం ఆఖరి బంతి దాకా వేడిగానే ఉంటుంది. ఏనుగు ఒళ్లు ఆ గుండిగ లాంటిది. లోపల పుట్టే వేడి ఎక్కువ, బయటికి పోవడానికి చర్మం తక్కువ. పైగా దానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. స్వేద గ్రంథులు కాలిగోళ్ల దగ్గరే ఉంటాయి. అందుకే ఆ చేట చెవులు. చెవి వెనక చర్మం పల్చగా ఉండి, నిండా రక్తనాళాలు ఉంటాయి. విసిరినప్పుడల్లా గాలి తగిలి రక్తం చల్లబడి తిరిగి ఒంట్లోకి పోతుంది. బురద పూసుకోవడం, మట్టి చల్లుకోవడం, మిట్టమధ్యాహ్నం నీడన నిలబడటం, ఇవన్నీ వేడిని దించుకునే ఉపాయాలే. అందుకే సఫారీ పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ పెట్టుకోండి. నడిమధ్యాహ్నం ఏనుగు చెట్ల నీడలోకి వెళ్లిపోతుంది.

దారి ఎవరికి గుర్తుంటుంది?

మేత కోసం నడవాలి, సరే. ఎటు నడవాలో ఎవరు చెబుతారు?

మందలో ఉండేవి ఆడ ఏనుగులు, వాటి పిల్లలు. నడిపించేది పెద్దమ్మ, అన్నిటికంటే వయసు మీరిన ఆడ ఏనుగు. మగపిల్లలు పన్నెండు, పదిహేనేళ్లు వచ్చేసరికి మంద వదిలి వేరుపడతాయి. ఏ వాగు ఏ నెలలో ఎండిపోతుందో, ఏ కొండ మీద వెదురు లేతగా ఉంటుందో పెద్దమ్మ తల్లి వెంట నడిచి నేర్చుకుంది, కూతుళ్లను వెంట నడిపించి నేర్పుతుంది.

ఈ జ్ఞాపకం ఎంత విలువైనదో ఆఫ్రికాలో ఒక కరువు చూపించింది. టాంజానియాలో తరంగిరే జాతీయ ఉద్యానవనం ఉంది. 1993లో అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. కొన్ని మందలు ఉద్యానవనం వదిలి దూరం వెళ్లిపోయాయి, కొన్ని అక్కడే ఉండిపోయాయి. అక్కడే ఉండిపోయిన మందల్లో పిల్లలు ఎక్కువగా చనిపోయాయి. వెళ్లిపోయిన మందల పెద్దమ్మలు వయసులో పెద్దవి. అంతకు మూడు దశాబ్దాల ముందు, 1960 చుట్టుపక్కల కూడా అక్కడ కరువు వచ్చింది. ఆ కరువును చూసి బతికిన ముసలివాళ్లకు నీళ్లున్న చోటు గుర్తుండి ఉంటుందని పరిశోధకులు భావించారు. మీ అవ్వ చెప్పే పాత కరువు ముచ్చట్లు తేలిగ్గా తీసేయకండి అని నేను ఊరికే చెప్పను.

వాసన కూడా దారి చూపుతుంది. వాసన పట్టే జన్యువులు మనిషికి నాలుగు వందల దాకా ఉంటే, ఆఫ్రికా ఏనుగుకు రెండు వేల దాకా ఉన్నాయని 2014లో తేల్చారు. కుక్కకు ఉన్నవాటికంటే రెట్టింపు పైనే.

మంద చెల్లాచెదురుగా మేస్తూ కూడా తప్పిపోదు. కారణం మన చెవికి అందని మాటలు. 1984లో కేటీ పేన్ అనే శాస్త్రజ్ఞురాలు అమెరికాలో పోర్ట్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో ఆసియా ఏనుగుల దగ్గర కూర్చున్నప్పుడు గాలిలో ఏదో అదిరినట్టు అనిపించింది, చెవికి మాత్రం ఏమీ వినపడలేదు. చిన్నప్పుడు చర్చిలో పెద్ద ఆర్గాన్ గొట్టం మోగితే ఒంట్లో కలిగిన అదురు ఆమెకు గుర్తొచ్చింది. రికార్డు చేసి చూస్తే ఏనుగులు సెకనుకు 14 నుంచి 24 కంపనాల దగ్గర మాట్లాడుకుంటున్నాయి. మన చెవి సెకనుకు 20 కంపనాల కింద వినలేదు. లోతైన ఆ ధ్వని చెట్ల మధ్య నుంచి కిలోమీటర్ల దూరం పోతుంది. కబిని ఒడ్డున చెల్లాచెదురుగా ఉన్న మంద ఒక్కసారిగా మేత ఆపి, చెవులు విప్పి, అందరూ ఒకే దిక్కుకు తిరిగితే కంగారు పడకండి. ఎవరో ఏదో చెప్పారు, మనకు వినపడలేదు, అంతే.

పేడలో అడవి

జీపు దారి మీద ఏనుగు లద్దె కనబడితే ముక్కు మూసుకోకండి. అది సగం అరగని గడ్డి. వాసన మన పశువుల కొట్టం వాసనలాగే ఉంటుంది. తేరిపార చూస్తే గడ్డిపీచు, వెదురు తునకలు, బెరడు ముక్కలు, గింజలు విడివిడిగా కనిపిస్తాయి. పేడపురుగులు చుట్టూ చేరి పని మొదలుపెట్టేసి ఉంటాయి.

ఏనుగు మింగిన వెలగపండు అనే మాట మీ పెద్దల నోట విన్నారా? పండు పైకి గుండ్రంగానే ఉండి లోపల గుజ్జు మాయమవుతుందని అంటారు. ఆ పెద్ద నమిలే పళ్ల కింద పడితే వెలగ పెంకు అలా మిగలదు. మిగిలేవి గట్టి గింజలు. కడుపు సరిగ్గా అరిగించదని చెప్పుకున్నాం కదా, ఆ లోపమే గింజలకు వరమైంది. తిన్న చోట నుంచి కిలోమీటర్ల దూరంలో, చుట్టూ తడి ఎరువుతో సహా ఏనుగు వాటిని దింపి పోతుంది. రోజుకు క్వింటాలు దాకా పేడ! అది నడిచే దారి పొడుగునా అడవికి విత్తనాలు పడుతూనే ఉంటాయి. ఏనుగు ఒక్కచోటే ఉండి ఉంటే ఆ గింజలన్నీ తల్లిచెట్టు నీడనే మొలిచి, ఎండ అందక చచ్చిపోయేవి.

పిల్ల ఏనుగు తల్లి పేడ కొంచెం తింటుంది. చీదరించుకోకండి. ఇరవై రెండు నెలలు తల్లి గర్భంలో పెరిగి, వంద కిలోల దాకా బరువుతో పుట్టిన ఆ పిల్ల పెద్దపేగులో గడ్డిని కరిగించే సూక్ష్మజీవులు ఇంకా చేరలేదు. తల్లి దగ్గర నుంచే వాటిని తెచ్చుకుంటుంది. మన ఇంట్లో నిన్నటి పెరుగు లేకుండా ఇవాళ తోడు పడదు కదా.

పేడతో ఇంకో పెద్ద పని జరిగింది. మన దేశంలో ఏనుగులెన్ని? కళ్లతో లెక్కపెడితే చెట్ల చాటున ఉన్నవి తప్పిపోతాయి, చూసినదాన్నే మళ్లీ లెక్కపెట్టే ప్రమాదమూ ఉంది. లద్దె పేగులోంచి జారేటప్పుడు లోపలి పొర కణాలు దానికి అంటుకుంటాయి. వాటిలో డీఎన్‌ఏ ఉంటుంది. ఏ లద్దె ఏ ఏనుగుదో దాన్నిబట్టి చెప్పొచ్చు. ఇలా దేశమంతటా ఇరవై వేలకు పైగా లద్దె నమూనాలు సేకరించి కట్టిన లెక్క 2025లో విడుదలైంది. మొత్తం 22,446 ఏనుగులు. అందులో కర్ణాటకలోనే 6,013. పాత లెక్కలు వేరే పద్ధతిలో కట్టినవి కాబట్టి ఆ అంకెలతో ఈ అంకెను పోల్చి, తగ్గాయి, పెరిగాయి అనడం సరికాదు.

గీత మనది, దారి వాటిది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నీలగిరి ప్రాంతంలో ఏనుగుల మెడకు రేడియో పట్టీలు కట్టి వెంబడించినప్పుడు, ఒక్కో మంద 500 నుంచి 800 చదరపు కిలోమీటర్ల నేల తిరుగుతుందని తేలింది. నాగరహొళె మొత్తం 643. మొన్నమొన్న కొత్త ప్రాంతాలు కలవక ముందు హైదరాబాదు మహానగరం విస్తీర్ణం కూడా సుమారు 650. ఒక్క మందకు అంత నేల కావాలి! వానాకాలంలో కొండల మీది గడ్డి, ఎండాకాలంలో నాగరహొళె వాళ్లు హడ్లు అని పిలిచే తడి బయళ్లు, నది గట్లు. ఏ ఉద్యానవనమూ ఒంటరిగా ఏనుగుకు చాలదు. పక్క అడవికి దారి ఉండాలి.

ఆ దారులనే ఏనుగుల కారిడార్లు అంటారు. దేశంలో 150 ఉన్నాయని కేంద్రం 2023లో ప్రకటించింది. వాటిని కాపాడటానికి కొన్ని మంచి పనులు జరిగాయి. బండీపూర్ అడవి గుండా పోయే జాతీయ రహదారుల మీద 2009 నుంచి రాత్రి తొమ్మిదికి గేట్లు వేసి పొద్దున ఆరుకు తీస్తున్నారు. లారీలవాళ్లకు ఇబ్బందే. అయినా ఆ తొమ్మిది గంటలు రోడ్డు దాటే జంతువుకు ప్రాణం.

దారి తెగితే ఏమవుతుందో మన తెలుగు నేల చూసింది. చిత్తూరు జిల్లా పలమనేరు, కుప్పం కొండలకు సుమారు రెండు వందల ఏళ్ల తర్వాత 1980లలో ఏనుగులు వచ్చాయి. తమిళనాడు, కర్ణాటక అడవుల్లో చోటు ఇరుకై ఇటు నడిచిన మందలవి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది. అడవి సన్నగా, పొడుగ్గా ఉంటుంది, రెండు పక్కలా పొలాలు. పంట నష్టపోయిన రైతులున్నారు, ప్రాణాలు పోయిన మనుషులున్నారు, కరెంటు తీగ తగిలి చచ్చిన ఏనుగులున్నాయి.

మన తెలంగాణకూ ఆ కష్టం వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఒంటరి మగ ఏనుగు ఒకటి మహారాష్ట్ర నుంచి ప్రాణహిత దాటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాకు వచ్చింది. రెండు రోజుల్లో ఇద్దరు రైతులు దాని చేతిలో చనిపోయారు. ఒకరు మిరప చేనులో పని చేసుకుంటూ ఉన్నారు. తరతరాలుగా అడవి ఏనుగును చూడని ఊళ్లు అవి. ఎదురుపడితే ఎలా తప్పుకోవాలో చెప్పేవాళ్లు అక్కడ లేరు. ఆ కుటుంబాల దుఃఖం మరిచి ఏనుగు ముచ్చట చెప్పుకోవడం ధర్మం కాదు.

ఒంటరి మగ ఏనుగే ఎందుకు వచ్చింది? బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యుడు రామన్ సుకుమార్ 1980లలో ఈ సంగతి మీద ఏళ్ల తరబడి పని చేశారు. మగ ఏనుగులు ఆడవాటికంటే ఎక్కువగా పంటల మీద పడతాయని ఆయన చూశారు. కారణం మళ్లీ కడుపే. ఎండకు ముదిరిన అడవి గడ్డిలో మాంసకృత్తులు పడిపోతాయి. మన రాగి చేనులో, వరి మడిలో మాంసకృత్తులు, ఉప్పు, సున్నం ఎక్కువ. బాగా తిని బలిసిన మగ ఏనుగుకు జోడు దొరికే అవకాశం ఎక్కువ, అందుకే అది ప్రమాదానికి తెగిస్తుంది. పిల్లలున్న మంద అంత తెగించదు. పంటలోకి వచ్చే ఏనుగును దయ్యంగానో, పగపట్టిందనో అనుకోవద్దు. మన చేను దాని కడుపుకు అడవికంటే మంచి బేరం. బేరం అలా ఉన్నంతకాలం ఎన్నిసార్లు తరిమినా తిరిగి వస్తుంది. కందకం, సౌర కంచె, ముందే కబురు చెప్పే ఏర్పాటు, రైతుకు ఆలస్యం కాని పరిహారం, ఇవన్నీ కావాలి. వీటన్నిటికీ ముందు అడవికీ అడవికీ మధ్య దారి మిగలాలి.

పోయేటప్పుడు గుర్తుంచుకోండి

సఫారీలు ఒక్కోసారి ఆపేస్తుంటారు. నడుస్తున్నాయో లేదో అటవీ శాఖ దగ్గర ముందే కనుక్కుని బయలుదేరండి. లోపల జీపు దిగకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు. మెరిసే రంగుల బట్టలు, ఘాటు అత్తర్లు ఇంట్లో పెట్టి పోండి. రెండు వేల జన్యువుల ముక్కు అది. ఏనుగు మేత ఆపి, చెవులు రెండూ విప్పి, తోక ఎత్తి మన వైపు తిరిగిందంటే, "ఇక చాలు, వెళ్లండి" అని దాని అర్థం. డ్రైవరు వెనక్కి తీస్తానంటే ఇంకొక్క ఫోటో అని అడగకండి. కణత దగ్గర నుంచి చమురులా కారుతూ చెంప తడిసిన మగ ఏనుగు మదమెక్కి ఉంది, దానికి ఇంకా దూరంగా ఉండాలి.

మేత అస్సలు పెట్టకండి. ఈ మాట చెరుకు పండించే మనకు మరీ ముఖ్యం. తమిళనాడు సత్యమంగలం అడవి రోడ్డు మీద చెరుకు లారీలను ఏనుగులు ఆపి గడలు లాక్కుంటాయి. కొందరు డ్రైవర్లు ఇష్టంగా నాలుగు గడలు విసిరి పోయేవాళ్లు. పుణ్యం అనుకుని చేసిన ఆ పని వల్ల ఏనుగులు అడవి వదిలి రోడ్డు పక్కనే కాపు కాయడం నేర్చుకున్నాయి. రోడ్డుకు అలవాటుపడ్డ ఏనుగుకు బండి దెబ్బ, మనిషికి ఏనుగు దెబ్బ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

అక్కడ మట్టి దారి మీద ఏనుగు ముందుకాలి అడుగు కనిపిస్తే గైడును అడిగి తెలుసుకోండి. ఆ అడుగు చుట్టుకొలతను రెండుతో గుణిస్తే ఏనుగు భుజం ఎత్తు ఇంచుమించు వస్తుంది. ఏనుగును చూడకుండానే దాని ఎత్తు చెప్పగలగడం ఎంత సరదా!

"అంత దూరమా తాతా?" అన్న మనుమడికి నా జవాబు ఇది. దూరం పోవాలి, ఎందుకంటే దూరాన్ని మేసే జంతువును కొంచెం దూరం నడిచైనా చూడాలి. మీరు పెద్దయ్యాక ఇంజనీర్లయి రోడ్డు గీయొచ్చు, అధికారులై కాగితం మీద సంతకం పెట్టొచ్చు, భూమి కొనొచ్చు, ఓటు వేయొచ్చు. ఆ రోజు మీ ముందుకొచ్చిన పటంలో రెండు అడవుల మధ్య సన్నటి పచ్చగీత ఒకటి కనిపిస్తే, అది ఎందుకు ఉందో మీకు తెలిసి ఉండాలి. రోజుకు క్వింటాలున్నర మేత తిని, సగం కూడా అరిగించుకోలేక, మిగతాదాంతో అడవిని నాటుకుంటూ పోయే ఒక ప్రాణికి అది దారి. దాన్ని తెగనివ్వకండి.